నాలుగు కుర్చీలు, నాలుగు నిమిషాలు

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే మన్నించండి. ఒక్క పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఈ కథలో అందరూ తొందరపడతారు కాబట్టి, రాసే మనిషైనా నెమ్మదిగా ఉంటే మంచిదే అనుకున్నాను. ఆ ఆసుపత్రి దుప్పట్లూ కోట్లూ పద్దెనిమిదేళ్ళు ఇస్త్రీ చేశాను. కొంత నేను చూసింది, మిగతాది చూసినవాళ్ళు చెప్పింది.

ఆ సోమవారం మేనేజరు పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదింటికి ఆసుపత్రిలో కొత్త పద్ధతి మొదలుపెట్టాలి. పదకొండింటికి దాన్ని కమిటీ అధ్యక్షులుగారికి చూపించాలి. సాయంత్రం నాలుగింటికి కమిటీ ముందు లెక్కలు చదివి వినిపించాలి. ఈ మూడూ చీటీ మీద రాసి, చీటీని అద్దానికి అంటించి, గడ్డం గీసుకుంటూ మూడుసార్లు చదువుకున్నాడు.

ఆయన ఆసుపత్రికి వచ్చి మూడు వారాలే అయింది. అంతకుముందు పద్నాలుగేళ్ళు సబ్బుల ఫ్యాక్టరీలో చేశాడు. అక్కడ ఈ చివర ముద్దగా వెళ్ళిన సబ్బు ఆ చివర కాగితం చుట్టుకుని వచ్చేది. మధ్యలో ఎక్కడా ఆగేది కాదు, వెనక్కి తిరిగేది కాదు, నాకు నలతగా ఉందని చెప్పేది కాదు.

"ఏవండీ, టీ చల్లారిపోతోంది," అంది భార్య వంటింట్లోంచి.

"ఇంకా రెండు నిమిషాలుంది. మన టీ ఆరూ యాభైకి కదా."

"అది నాకు తెలుసు. టీకి తెలియదు."

మేనేజరు ఆరూ యాభైకి వచ్చి చల్లటి టీ తాగాడు. "ఇవాళ్టితో ఆసుపత్రి మారిపోతుంది, చూస్తూ ఉండు. లోపలికొచ్చిన మనిషి ఇరవై నిమిషాల్లో మందులతో బయటికెళ్ళిపోవాలి."

"జబ్బు కూడా వెళ్ళిపోతుందా, మనిషొక్కడే వెళతాడా?"

"అది డాక్టర్ల విభాగం," అని ఆయన చెప్పులేసుకున్నాడు. వెటకారం చేశాడనుకునేరు. ఆయనకు వెటకారం రాదు. అబద్ధం కూడా రాదు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే ఇంకా నలభై శాతం సమాచారం రావాలన్న మనిషి.

ఆసుపత్రి పెద్దదేమీ కాదు. కింద ఓ హాలు, దాని చుట్టూ గదులు, పైన ఇరవై మంచాలు, ఒక ఆపరేషన్ గది. గోడలకు నడుము ఎత్తు వరకూ ఆకుపచ్చ రంగు, ఆపైన తెల్లసున్నం. పొద్దున్నే ఫినాయిలు వాసన, పది దాటితే మనుషుల వాసన. గుమ్మం పక్కన ఇరవై రెండేళ్ళుగా ఒక ఆయా నిలబడేది. ఆమె పని ఏమిటంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. వచ్చినవాళ్ళ ముఖంలోకి చూసి, "ఏమైంది?" అని అడిగేది. అంతే. వాళ్ళు చెప్పింది విని ఒకరిని మూడో గదికీ, ఒకరిని మేడ మీదికీ, ఒకరిని ముందు మంచినీళ్ళ కుండ దగ్గరికీ పంపేది.

మేనేజరు ఆమె పక్కన స్టాప్‌వాచీ పట్టుకుని రెండు రోజులు నిలబడ్డాడు. ప్రశ్నకు పన్నెండు సెకన్లు. జవాబుకు నలభై సెకన్ల నుంచి మూడు నిమిషాలు. మోకాలి నొప్పితో వచ్చిన ఒక ముసలమ్మ అయితే తన పెళ్ళి దగ్గర మొదలుపెట్టి, మోకాలి దాకా రావడానికి పదకొండు నిమిషాలు తీసుకుంది. ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు: ఆయా. పని, మాట్లాడటం. ఉపయోగం, కనబడలేదు.

రాసింది దాచుకునే అలవాటు లేదు కాబట్టి పిలిచి చెప్పాడు కూడా. "ఆయమ్మా, మీమీద నాకు కోపమేమీ లేదు. లెక్క అలా వచ్చింది. సోమవారం ట్రయల్లో అందరి పనీ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎవరి పేరు ఎదుట సున్నా వస్తే ఆ ఉద్యోగం తీసెయ్యాలని కమిటీ ఒప్పుకుంది."

"మరి గది సార్?"

ఆసుపత్రి వెనక నీళ్ళ ట్యాంకు పక్కన ఉన్న ఒంటిగదిలో ఆయా, ఆమె అత్తా ఉంటారు. అత్త మంచం దిగి ఆరేళ్ళయింది.

"గది ఉద్యోగంతో వచ్చిందే కదండీ," అన్నాడు మేనేజరు.

"మా అత్తను మంచంతో సహా ఎక్కడికి మొయ్యను సార్?"

"అందుకే, సున్నా రాకుండా చూసుకోండి."

"నేను చేసే పని అడగడం. అడగొద్దంటున్నారు. సున్నా రాకుండా ఎలా చూసుకోను?"

ఇది న్యాయమైన ప్రశ్నే అనిపించింది మేనేజరుకు. పుస్తకంలో రాసుకున్నాడు. జవాబు రాసే చోట ఒక గీత గీశాడు.

కమిటీ ఇంత సులువుగా ఎలా ఒప్పుకుందో కూడా చెప్పాలి. అధ్యక్షులుగారికి ఐదారేళ్ళుగా చెవులు సరిగ్గా వినబడవు. వినబడవని ఒప్పుకోవడం ఆయనకు నామోషీ. అందుకని ఎవరేం చెప్పినా చివరి దాకా తలాడించి, "మంచిది, కానివ్వండి," అనేవారు. మీటింగులన్నీ వాళ్ళింట్లోనే జరిగేవి. ఆసుపత్రి లోపలికి ఆయన వచ్చి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

కొత్త పద్ధతి ఇదీ. హాల్లో బల్లలన్నీ తీసేసి, నాలుగు కుర్చీలు వరసగా నేలకు బిగించారు. ఒక్కో కుర్చీ వెనక ఒక సంచి కుట్టారు. కిటికీ దగ్గర గుమాస్తా, వచ్చిన మనిషి తనంతట తాను చెప్పుకున్న బాధేమిటో, ఏ గదికి వెళ్ళాలో కార్డు మీద రాసి, సంచిలో వేసి, ఆ కుర్చీలో కూర్చోబెడతాడు. నాలుగు నిమిషాలకోసారి గంట కొడతాడు. గదుల్లోంచి మనుషులు వచ్చి కార్డు తీసుకుని, ఆ కుర్చీలో ఉన్నవాళ్ళను తీసుకుపోతారు. ఫ్యాక్టరీలో పెట్టెకు కార్డు ఎలా ఉండేదో ఇక్కడ కుర్చీకి అలాగన్నమాట. గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు: పేషెంటును ప్రశ్నలు అడగరాదు. లైనులో ఖాళీ ఉండరాదు. ఎవరూ వెనక్కి నడవరాదు. వారం రోజులు వాడని వస్తువు గదిలో ఉండరాదు.

పెద్ద డాక్టరమ్మ బోర్డు చదివి కళ్ళజోడు తీసింది. "రోగులు సబ్బులు కాదండీ."

"సబ్బులకంటే సులువు మేడమ్. వీళ్ళు వాళ్ళంతట వాళ్ళే కదులుతారు."

ఆవిడ ఏదో అనబోయి, పైన ఆపరేషన్ ఉందని మెట్లెక్కి వెళ్ళిపోయింది. తర్వాత జరిగిందంతా ఆ ఒక్క సులువు వల్లే జరిగింది.

తొమ్మిది నుంచి పదిన్నర దాకా పద్ధతి నూనె వేసిన చక్రంలా నడిచింది. గంట మోగేది, నలుగురు లేచేవారు, నలుగురు కూర్చునేవారు. ఆయాను గోడ పక్కన ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు అలవాటు కొద్దీ ఆమె వైపు చూసేవారు. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని బోర్డు వైపు చూపించేది. మేనేజరు గుమాస్తాకు తన పుస్తకం అప్పగించి, "ఎవరేం చేసినా రాయండి, ఏదీ వదలొద్దు," అని చెప్పి, అధ్యక్షులుగారి కారు కోసం ముందు గేటు దగ్గరికి వెళ్ళాడు.

అధ్యక్షులుగారు కారులో రాలేదు. చెప్పకుండా వస్తేనే నిజం తెలుస్తుందని ఎవరో ఏనాడో గట్టిగా చెప్పి ఉంటారు. నడిచి, పక్క గుమ్మంలోంచి వచ్చారు.

అప్పుడు నాలుగు కుర్చీల్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. మొదటి కుర్చీలో రిటైరైన హెడ్మాస్టరు, చెవులు మూసుకుపోయి కడిగించుకోవడానికి వచ్చాడు. రెండో కుర్చీలో ఐదో నెల కడుపుతో ఒక అమ్మాయి, నెలవారీ పరీక్షకు వచ్చింది. మూడో కుర్చీలో సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్న దర్జీ. నాలుగో కుర్చీలో లారీ మెట్టు జారి కుడి కాలి ఎముక చిట్లిన డ్రైవరు. నిన్ననే ఫొటో తీశారు, ఇవాళ పిండికట్టు.

హెడ్మాస్టరు మంచినీళ్ళ కోసం లేచాడు. అధ్యక్షులుగారు వచ్చి, ఖాళీగా కనబడిన ఆ మొదటి కుర్చీలో కూర్చుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని హాలంతా పరిశీలించసాగారు. హెడ్మాస్టరు తిరిగొచ్చేసరికి కుర్చీలో పెద్దమనిషి ఉన్నాడు. లేవమనడం బాగుండదని పక్కన నిలబడ్డాడు.

రెండో కుర్చీలో అమ్మాయి అది చూసింది. "తాతగారూ, మీరు కూర్చోండి," అని లేచింది. చెవులు వినబడకపోయినా చేత్తో చూపిస్తే అర్థమవుతుంది కదా. హెడ్మాస్టరు కూర్చున్నాడు. కడుపుతో ఉన్న పిల్ల నిలబడితే దర్జీ ప్రాణం ఒప్పలేదు. "ఇటు కూర్చో చెల్లీ. నాకు కాళ్ళు బాగానే ఉన్నాయి," అని మూడో కుర్చీ ఇచ్చేశాడు.

డ్రైవరు ఇదంతా చూసి సిగ్గుపడ్డాడు. "అన్నా, నువ్వు నా దాంట్లో కూర్చో. నేనెలాగూ నిన్నటి నుంచి ఒంటికాలి మీదే ఉన్నా," అని గోడ పట్టుకుని నిలబడ్డాడు. దర్జీ మొహమాటపడుతూ, సగం కుర్చీలో మాత్రమే కూర్చున్నాడు.

అంతా కలిపి అర నిమిషం కూడా పట్టలేదు. అందరి ముఖాల్లో మంచి పని చేసిన తృప్తి. కార్డులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. సబ్బులకు మర్యాద తెలియదు కాబట్టి ఫ్యాక్టరీలో ఈ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు.

ఆయా చూసింది. స్టూలు తీసుకెళ్ళి డ్రైవరు కింద వేసింది. గడియారం చూసింది. గంటకు ఇంకా రెండు నిమిషాలుంది. నోరు తెరిస్తే ఉద్యోగం, గది, అత్త మంచం. తెరవకపోతే ఈ నలుగురూ. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకునే గేటు దాకా పరిగెత్తి, అక్కడ తీసింది.

"సార్, కుర్చీలు తారుమారయ్యాయి."

"కుర్చీలు నేలకు బిగించాం ఆయమ్మా," అన్నాడు మేనేజరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"కుర్చీలు కాదు సార్, మనుషులు. ఒకరి దాంట్లో ఒకరు కూర్చున్నారు."

"ఒకరు లేచాక ఒకరు కూర్చుంటారు. లైనంటే అదే కదా."

"అది కాదు సార్, నే చెప్పేది..."

"మీరు ఇప్పటికే ఇరవై సెకన్లు మాట్లాడారు. పైగా లైను దాటి వెనక్కి నడిచి వచ్చారు. నేను వెళ్ళి ఇది పుస్తకంలో రాయించాలి. మీకోసం బాధగానే ఉంది."

లోపల గంట మోగింది.

మొదటి గదిలోంచి చెవుల నర్సు వచ్చింది. పదిహేను రోజుల కిందటే చేరిన పిల్ల. కార్డు చదివింది: రెండు చెవులూ మూసుకుపోయాయి, గట్టిగా మాట్లాడతారు. అధ్యక్షులుగారి మోచెయ్యి పట్టుకుని లేపింది.

"నేనెవరో తెలుసా?" అన్నారాయన, హాలంతా వినబడేలా.

గట్టిగానే మాట్లాడుతున్నారు, కార్డు సరిపోయింది అనుకుంది నర్సు. లోపల కూర్చోబెట్టి, భుజం మీద తువ్వాలు కప్పి, చెవి కింద గిన్నె పట్టి గోరువెచ్చటి నీళ్ళు కొట్టింది. "ఏమిటిది, నేను కమిటీ..." అంటూనే ఉన్నారు. "తల ఇటు వంచండి తాతగారూ," అంటూనే ఉంది. ఏళ్ళ తరబడి గట్టిపడిన గులిమి గింజల్లా గిన్నెలో పడింది.

అధ్యక్షులుగారు మాట మధ్యలో ఆగిపోయారు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. హాల్లో ఎవరో దగ్గారు. నర్సు పక్క గదిలోని మనిషితో మెల్లగా అంటోంది: "పాపం, ఈ ముసలాయన చెవుల్లో ఇంత పెట్టుకుని ఎలా బతికాడో."

ఆయన ఆ మాటకు కోప్పడాలని కూడా మరిచిపోయి, దాన్నే ఇంకోసారి అనమన్నారు.

రెండో గదిలో నర్సు తలెత్తకుండా కాగితం చూసి చదువుతోంది. "ఐదో నెల నడుస్తోంది. బరువులు ఎత్తకూడదు. మధ్యాహ్నం ఎడమ పక్కకు తిరిగి రెండు గంటలు పడుకోవాలి. పాలూ పళ్ళూ బాగా తీసుకోవాలి. మనసు సంతోషంగా ఉంచుకోవాలి. ఇంట్లోవాళ్ళు విసుక్కోకూడదు." ఎదురుగా హెడ్మాస్టరు వినబడక ప్రతి మాటకూ తలాడిస్తున్నాడు. చివర్లో ఆ కాగితం చేతికిస్తే పైనుంచి రెండో లైను మొదలుపెట్టి నింపాదిగా చదువుకుని, కళ్ళు చెమ్మగిల్లి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళకు తన వయసు చూసి సలహా ఇచ్చిన ఆసుపత్రి దొరికిందనుకున్నాడు.

మూడో గదిలో కళ్ళు చూసే ఆయన అమ్మాయికి ఫ్రేము తగిలించి, గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. కింది వరస దాకా గడగడా చదివేసింది. దారం, సూది చేతికిచ్చాడు. ఒక్క దెబ్బకు ఎక్కించేసింది. కార్డేమో ఆరు నెలలుగా చూపు ఆనడం లేదంటోంది. ఆయన ఆశ్చర్యపోయి, ప్రశ్నలు అడగరాదు కాబట్టి అడక్కుండా, కార్డు మీద రాశాడు: పూర్తిగా నయమైంది. సమయం, ఒకటిన్నర నిమిషం.

నాలుగో కుర్చీ దగ్గరికి కట్లాయన వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా విరిగిన ఎముకలకు కట్లు కడుతున్న మనిషి. భుజాలు తలుపంత వెడల్పు, మాట పొదుపు. చేతుల్లో తడిపిన పిండిగుడ్డ. కార్డు పైకి చదివాడు. "కుడి కాలు."

"నాకు కళ్ళండీ," అన్నాడు దర్జీ.

కట్లాయన బోర్డు వైపు చూశాడు. జవాబు చెప్పకూడదని బోర్డు మీద లేదు గానీ, ప్రశ్న లేకుండా జవాబు ఎందుకని ఊరుకున్నాడు. వంగి పంట్లాం మడత పెట్టబోయాడు.

"మిషను తొక్కే కాలండీ ఇది," అని దర్జీ చెప్పులు చేత్తో పట్టుకుని గేటు వైపు పరిగెత్తాడు.

లోపలికి వస్తున్న మేనేజరుకు ఎదురుగా ఒక పేషెంటు రివ్వున బయటికి పోవడం కనబడింది. ఇంత చురుగ్గా వెళ్ళిన రోగిని ఆయన ఈ మూడు వారాల్లో చూడలేదు. సంతోషంతో స్టాప్‌వాచీ నొక్కాడు. అప్పుడే ఆయన కళ్ళు నాలుగో కుర్చీ మీద పడ్డాయి. గంట మోగాక కూడా అక్కడ ఖాళీ. లైనులో ఖాళీ ఉంటే వెనకాలదంతా ఒకటి తప్పుతుందని పద్నాలుగేళ్ళు ఆయనే అందరికీ చెప్పాడు. చుట్టూ చూశాడు. గుమాస్తా తర్వాతి మనిషికి కార్డు రాస్తున్నాడు. ఒక్క నిమిషమే కదా అని మేనేజరు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

కట్లాయన ఆరిపోతున్న గుడ్డను మళ్ళీ తడుపుకుని వచ్చాడు. కుర్చీలో మనిషి ఉన్నాడు. కార్డు ఉంది. మనిషిని చంక కింద చేతులేసి లేపాడు.

"నేనయ్యా. నేను మేనేజర్ని."

"కుడి కాలు," అన్నాడు కట్లాయన.

"నా కాలు బాగానే ఉంది."

"భయానికి అందరూ అలాగే అంటారండీ."

"ఒక్క మాట అడిగితే తెలుస్తుంది కదా. ఏమైందని అడుగు నన్ను."

"అడగొద్దని మీ సంతకంతో కాగితం వచ్చిందండీ. కదలకండి, వంకర వస్తుంది."

కట్లాయన కావాలనే చేశాడా అని తర్వాత చాలామంది నన్నడిగారు. నాకు తెలియదు. ఆయన ముఖంలో ఎప్పుడూ ఏమీ కనబడదు. పాదం నుంచి మోకాలి దాకా నున్నగా కట్టి, మూడు నిమిషాల నలభై సెకన్లలో ముగించాడు. ఎముక వరసలో ఉంది కాబట్టి పని తేలికైందన్నాడు.

"ఇప్పుడు విప్పెయ్యి," అన్నాడు మేనేజరు.

"కట్టు కోసే మిషను లేదండీ. వారం రోజులు వాడలేదని మొన్న మీరే గదిలోంచి తీసేయించారు. గురువారం గానీ రాదు."

హాల్లో పరిస్థితి ముదిరింది. వెనక్కి నడవకూడదు కాబట్టి పూర్తయిన వాళ్ళంతా కార్డులతో మందుల కిటికీ దగ్గరికి చేరారు. హెడ్మాస్టరుకు రక్తం పట్టే మాత్రలిచ్చారు. అమ్మాయికి నయమైందని చీటీ ఇచ్చి పంపబోతే, బిడ్డ మాటేమిటని ఏడుపు మొదలుపెట్టింది. హెడ్మాస్టరు ఆమెను ఓదార్చలేక, మళ్ళీ వెళ్ళి ఖాళీగా ఉన్న మొదటి కుర్చీలో కూర్చున్నాడు. దాంతో తర్వాత వచ్చిన నలుగురూ మర్యాదగా ఒకరి తర్వాత ఒకరు పక్కకు జరిగారు. గుమాస్తా గంట కొట్టాడు. చెయ్యి కాలిన ఆవిడను బరువు తూచారు. లావు తగ్గాలని వచ్చినాయనకు చేతికి మందు రాసి కట్టు కట్టారు. ఇంకో గంట మోగితే ఎవరికేమవుతుందో ఎవరూ చెప్పలేని స్థితి. గుమాస్తా మళ్ళీ గంట తాడు పట్టుకున్నాడు.

ఆయా ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇది రాసుకో. ఆయా గంట ఆపింది," అంది. గుమాస్తా రాసుకున్నాడు. తర్వాత ఆమె హాలు మధ్యలో నిలబడి, చెంగు నడుముకు దోపి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళడం మొదలుపెట్టింది.

"ఏమైంది నాయనా?" అని ముందు డ్రైవర్ని అడిగింది. అతని కాలు వాచి స్తంభమైంది.

"విరిగింది పెద్దమ్మా. అందరూ లోపలికెళ్ళారు, నన్ను పిలవలేదు."

అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని నాలుగో గదికి తీసుకెళ్ళింది. బల్ల మీద మేనేజరు తెల్లటి కాలు చాచి కూర్చుని ఉన్నాడు. "జరగండి సార్, నిజం కాలు వచ్చింది," అంది. ఆయన చేతుల మీద జరిగాడు.

అలా ఒక్కొక్కరినీ. హెడ్మాస్టరు జేబులోంచి కాగితం తీసుకుని అమ్మాయికిచ్చి, ఆయన్ని చెవులకు పంపింది. అమ్మాయి కన్నీళ్ళు తుడిచి రెండో గదిలో కూర్చోబెట్టింది. రోడ్డు దాటి, టీకొట్టు వెనక దాక్కున్న దర్జీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కాలు ముట్టుకోనివ్వనని అతనికి ప్రమాణం చెయ్యాల్సి వచ్చింది. చెయ్యి కాలినావిడను, లావుపాటాయన్ను చెరోవైపు నడిపించింది. పెద్ద డాక్టరమ్మ ఆపరేషన్ ముగించుకుని కిందికి దిగేసరికి హాలు ఎప్పటిలా ఉంది, కాస్త గోలగా, అందరూ తమ తమ గదుల ముందు. గుమాస్తా మాత్రం చెమటలు కక్కుతూ రాస్తూనే ఉన్నాడు: ఆయా ప్రశ్న అడిగింది. మళ్ళీ అడిగింది. వెనక్కి నడిచింది. పేషెంటును కూడా వెనక్కి నడిపించింది.

నాలుగింటికి కమిటీ కూర్చుంది. ఈసారి ఆసుపత్రిలోనే, కింద వెనక గదిలో. మేనేజర్ని చక్రాల కుర్చీలో ఆయా తోసుకుని వచ్చింది. వచ్చేముందు గదికెళ్ళి అత్తకు నీళ్ళు తాగించి, గిన్నెలు ఒక మూటలో కట్టి వచ్చింది.

"చదవండి," అన్నారు అధ్యక్షులుగారు. వెంటనే, "అంత గట్టిగా వద్దు," అన్నారు. మేనేజరు ఇంకా నోరు తెరవలేదు. పక్క సభ్యుడు ఊపిరి పీలుస్తున్నాడు.

మేనేజరు ముందు పద్ధతి గురించి చదివాడు. ప్రశ్నలు అడగకపోవడం గురించి చదువుతుంటే అధ్యక్షులుగారు చెయ్యెత్తారు. "రోగిని ఏమైందని అడక్కూడదా? ఇలాంటి దానికి ఒప్పుకున్న బుద్ధిమంతుడెవరు?"

సభ్యులంతా బల్ల వైపు చూశారు. "మీరేనండీ," అన్నాడు మేనేజరు. "మంచిది, కానివ్వండి అన్నారు. తారీఖు కూడా ఉంది."

అధ్యక్షులుగారు కాసేపు తన చెవి తడుముకున్నారు. "తర్వాత చదవండి."

"ట్రయల్లో ఒక్కొక్కరూ సరైన మనిషికి సరైన వైద్యం అందేలా చేసినవి ఎన్ని, అన్నది లెక్క," అన్నాడు మేనేజరు. ఉన్నది ఉన్నట్టు చదవడం తప్ప ఆయనకు ఇంకోటి రాదు. "పదిన్నర దాకా జరిగింది గదులవాళ్ళ ఖాతాలో రాశాను. ఆ తర్వాత గంట ఆగేదాకా చెవుల గది, సున్నా. ఇక్కడ చిన్న గమనిక, సరైన మనిషి కాదు గానీ వైద్యం సరైనదే. కళ్ళ గది, సున్నా. కట్ల గది, సున్నా." పేజీ తిప్పాడు. "ఆయా. అడగరాని ప్రశ్నలు ఇరవై ఆరు. వెనక్కి నడిచినవి పంతొమ్మిది సార్లు. గంట ఆపింది ఒకసారి. సరైన గదికి చేర్చిన మనుషులు, ఎనిమిది మంది."

ఆయా చక్రాల కుర్చీ పిడి వదిలేసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మొత్తం మీద సున్నా వచ్చినవాళ్ళు ఒక్కరే," అన్నాడు మేనేజరు. "మేనేజరు. ఎవరికీ వైద్యం అందించలేదు. ఒక ఆరోగ్యవంతుడికి వైద్యం చేయించాడు. ఒక హెచ్చరిక వచ్చింది, వినలేదు. నియమం ప్రకారం తీసెయ్యాల్సిన ఉద్యోగం ఇదేనండీ."

పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గదిలో చప్పుడు లేదు. అధ్యక్షులుగారికి ఆ చప్పుడు లేకపోవడం కూడా వినబడి బాగున్నట్టుంది.

"ఆయమ్మ రేపటి నుంచి గుమ్మం దగ్గరే నిలబడాలి. ఎంతసేపైనా అడగాలి. ఆ గది ఆమెదే, అత్తగారిని కదపొద్దు," అన్నారు చివరికి. "ఇక మేనేజరు సంగతి. నియమం మీరు పెట్టిందే. నేను మాత్రం ఏం చెయ్యను?"

అప్పుడు గుమాస్తా దగ్గాడు. రూల్సు పుస్తకాన్ని కంఠతా పట్టిన మనిషి ఆయన. "చెయ్యడానికి లేదండీ. డ్యూటీలో ఉండగా కాలికో చేతికో కట్టు పడిన ఉద్యోగిని, కట్టు విప్పి ఆరు నెలలయ్యేదాకా తీసెయ్యకూడదు."

"డ్యూటీలోనే పడిందా కట్టు?" అని అడిగారు అధ్యక్షులుగారు.

"డ్యూటీలోనేనండీ," అన్నాడు కట్లాయన గుమ్మం దగ్గర నిలబడి. "నేనే కట్టాను."

మేనేజరు నోరు తెరిచాడు. పెళ్ళిచూపుల్లో కూడా అబద్ధమాడని నోరు. తలెత్తి ఆయా వైపు చూశాడు. ఎవరిని చూసినా అడిగే ఆ మనిషి, ఎప్పుడూ లేనిది, కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ నిలబడింది. పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుంటోంది.

ఆ కాలికి ఏమైందని ఆ గదిలో ఒక్కరూ అడగలేదు, మేనేజరు చెప్పనూ లేదు.

— ఇస్త్రీ అత్త (నన్ను ఆసుపత్రిలో అందరూ అలాగే పిలుస్తారు). వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఆసుపత్రి వెనక వీధిలో, చిన్న కూతురి ఇంటి మేడ మీద గదిలో ఉంటున్నాను.